కొండకోడియు కొక్కెర తెగులును

గూడెం కొత్తవీధి మండలమున, ధారకొండ మొదలు సీలేరు వరకు వ్యాపించిన కొండవాలులయందలి కాఫీ తోటలను గూర్చియు, మిరియపు తీగెలను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది కలరు గాని, ఆ తోటల నడుమ గూడెములలో ఇంటింట తిరుగాడు నాటుకోడిని గూర్చి ఆలోచించినవారు బహుస్వల్పము. అయినను ఇల్లాలి చేతిలో ఎవరిని అడుగబనిలేక, అక్కరకు అమ్ముకొనదగిన సొమ్ము ఏదియని విచారించినచో, అది కోడియే యని తేలును. పిల్లవానికి జ్వరము వచ్చినను, సంతలో ఉప్పో ఎండుచేపయో కొనవలసివచ్చినను గంపక్రింది పుంజు బయటికి వచ్చును. చైత్రమున ఇటుకల పండుగ వచ్చినను, కొర్రకొత్త వచ్చినను దేవతకు కోడి కావలెను. ఇక చుట్టము వచ్చినచో చెప్పనేల! పెట్టను కొనలేని యింటికి ఎరిగినవారు తమ పెట్టను వాటాకు ఇచ్చి, పిల్లలను సగపాలుగా పంచుకొను ఆచారమును ఏజెన్సీ ప్రాంతములలో కలదు.

ఇట్టి సొమ్మును ఒక్క వారములో తుడిచిపెట్టునది కొక్కెర తెగులు. నిన్నటి సాయంకాలము గింజలేరుకొనిన పెట్ట నేటి యుదయమున రెక్కలు వ్రేలవైచి, కన్నులు మోడ్చి, ఒక మూల నిలిచిపోవును. మెడ చాచి, నోరు తెరచి, గురగురమను చప్పుడుతో ఊపిరి పీల్చును. ఆకుపచ్చగను తెల్లగను నీళ్లవలె పారును. బ్రదికియున్న కొన్నింటికి మెడ మెలితిరిగి తల వీపుమీదికి వాలును. అట్టి కోడి గింజను పొడువబోయి ప్రక్కనున్న మట్టిని పొడుచును. ఏ లక్షణమును చూపకయే గూటిలో చచ్చిపడియుండునవియు కలవు. పుట్టిన తెగులునకు చికిత్స లేదు. సంతదుకాణమునుండి తెచ్చి మ్రింగించు ఆంటీబయాటిక్ మాత్ర వైరసును తాకనైన తాకదు.

శాస్త్రజ్ఞులు ఈ వ్యాధిని 1926లో జావాద్వీపమునందును, ఇంగ్లండునందలి న్యూకాజిల్ పట్టణమునందును గుర్తించిరి. అటుపిమ్మట కొలదికాలమునకే మన కుమావు కొండలలోని రాణీఖేత్‌లో అది బయటపడుటచే మన పుస్తకములలో రాణీఖేత్ వ్యాధియని స్థిరపడినది. దీని వైరసు పైపొరమీద రెండువిధములైన మాంసకృత్తుల ముళ్లు ఉండును. మొదటిది కోడి కణమును పట్టుకొనును. రెండవది వైరసు పొరను కణపు పొరతో ఏకముచేసి లోనికి దారి తెరచును. అయితే ఈ రెండవ ముల్లు ఒక నియతస్థానమున తెగినగాని పనిచేయదు, తెంచునదియో కోడి దేహమునందలి ఎంజైమే! సౌమ్యమైన వైరసులలో ఆ స్థానమును తెంపగల ఎంజైములు శ్వాసనాళమునను ప్రేగులయందును మాత్రమే యుండుటవలన వాని వ్యాప్తి అచ్చటనే ఆగిపోవును. ఘోరమైన వానియందు ఆ స్థానపు నిర్మాణము రవంత మారి, దేహమంతట గల ఫ్యూరిన్ అను ఎంజైమునకు లొంగును గనుక, అవి మెదడువరకును నిరాటంకముగా పాకును. ఇంతటి సంహారమునకు మూలము కొన్ని అమైనో ఆమ్లముల భేదమనిన ఆశ్చర్యము కాదా!

టీకా యనునది ఆ సౌమ్యజాతి వైరసే. ఎఫ్ రకముగాని లసోటా రకముగాని పిల్లకు మొదటి వారములో కంటనో ముక్కుననో ఒక చుక్క వేయుదురు. 1940ల దశకమున ముక్తేశ్వర్ పరిశోధనాలయమున హాడో, ఇద్నానీ అనువారు సిద్ధపరచిన ఆర్-టు-బి రకము ఇంకను బలమైనది. దానిని ఆరు, ఎనిమిది వారములు దాటిన కోళ్లకు రెక్కక్రింది చర్మమున సూదితో ఎక్కింతురు, పసిపిల్లలకు మాత్రము అదియే ప్రాణాంతకము. అనగా టీకా మన దేశమున సిద్ధమై ముప్పాతిక శతాబ్దము దాటినది. మరి కొండకోడి యేల చచ్చుచున్నది?

తెగులు నడచివచ్చును, టీకా ఐసుపెట్టెలో రావలెను. ఇదియే చిక్కంతయు. టీకాపొడిని 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున కాపాడవలెను. సీసాలు వందలకొలది మోతాదులకు కట్టబడి ఫారముల కొలతకు సరిపోవునవి. ఒకమారు ద్రావణములో కలిపిన పిదప రెండు గంటలలో వాడవలెను. వాలున కొకటిగా విడివడిన ఇండ్లలో, ఇంటికి నాలుగైదు కోళ్లున్న గూడెమున, ఆ వ్యవధిలో సీసా ముగియుట యెట్లు? వైరసునకు ఈ బాధ లేదు. గంపకు అంటిన రెట్టయు, దోసిలితో పారవైచిన ఈకలును, సంతకు వచ్చినవారి పాదములును దానికి చాలును. నలతపడిన కోడిని చావకమునుపే సంతలో అమ్ముట మోసమని మైదానమువారు అనవచ్చును గాని, నష్టపరిహార మెరుగని యింటివారు మరేమి చేయుదురు? 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారములలో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ కాగా పత్రికలును అధికారులును అట మూగిరి, మూగవలసినదే. కొండమీద గూడు ఖాళీయైనచో లెక్కించువాడు లేడు.

రిండర్‌పెస్టు అను పశువుల మహమ్మారి చరిత్రను దీనితో పోల్చి చూడదగును. దానికై 1871లో విచారణసంఘపు నివేదిక, 1889లో పూనాలో ప్రయోగశాల, 1893లో దానిని ముక్తేశ్వర్‌నకు తరలించుట, 1932లో మద్రాసు రాజధానికి రాణిపేటలో టీకాసంస్థ, 1954లో జాతీయ నిర్మూలన పథకము. మన దేశమున కడపటి కేసు 1995లో. లోకమంతట అంతరించినదని 2011లో ప్రకటన. ఒక్క సూది పశువును జీవితాంతము కాపాడుటయు, కోలుకొనిన పశువు వైరసును మోయకుండుటయు ఆ విజయమునకు సహాయపడెను. కోడిమంద ఏటికేడు మారును, టీకాను మరలమరల వేయవలెను, నిజమే. అయినను ఎద్దు దున్నును, శిస్తు తెచ్చును, మగవాని సొత్తు. కోడి ఆడుదాని సొత్తు. పథకముల వరుస నిర్ణయించుటలో ఈ భేదమునకు పాత్ర లేదని నేను నమ్మజాలను.

వేడికి ఓర్చు టీకా లేదా? కలదు. రిండర్‌పెస్టు చివరి దశలో ఆఫ్రికాలోని దూరప్రాంతములకు ఐసు లేకుండ మోసికొనిపోదగిన టీకాను పశుకాపరులే వేసిరి. కోళ్లకును ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున స్ప్రాడ్‌బ్రో అను శాస్త్రజ్ఞుడు ఐ-2 అను రకమును ఎంచి వృద్ధిచేసెను. మొజాంబిక్, టాంజానియా గ్రామములలో స్త్రీలు దానిని నాలుగు నెలలకొకసారి కంటిచుక్కగా వేయుచున్నారు. మన తూర్పుగోదావరి ఏజెన్సీలో ఆంత్ర సంస్థ పశువైద్యురాండ్రు అసీల్ కోళ్లు పెంచు ఆదివాసి స్త్రీలతో పనిచేసినపుడును, అన్నింటికన్న ముందు బయటపడినది ఈ తెగులు బెడదయే.

కావున గూడెమునకొక స్త్రీకి శిక్షణ యిచ్చి, కోడికింతయని కూలి ఏర్పరచి, సంక్రాంతికి ముందొకసారియు, వేసవి ముదురకమునుపు మరొకసారియు ఊరంతటి కోళ్లకును ఒక్కరోజున చుక్కలు వేయించుట మేలు. వేళ మాత్రము వేకువజామే కావలెను. కోళ్లను గూటినుండి విడువకమునుపే చేయి లోనికి పెట్టి, ఒక్కొక్కదానిని పట్టి, చుక్క కంటిలో ఇంకి రెప్ప కొట్టువరకు ఆగి విడువవలెను. ఒకమారు పెరటిలోనికి పోయిన నాటుకోడిని పట్టుట పశువైద్యునికి కాదు సరిగదా, ఆ యింటి కుక్కకైన సాధ్యము కాదు.