వంతుల యాజమాన్యం: మంచుకొండల నుండి మక్కా లోయ వరకు

ఒకే ఇల్లు, యాభైమంది హక్కుదారులు, ఒక్కొక్కరికి ఏడాదిలో ఒక వారం. ఈ విధమైన కొనుగోలునే నేడు ‘టైమ్ షేర్’ అంటున్నారు. విహారానికి వెళ్ళేవారి కోసం పుట్టిన ఈ పద్ధతి యాత్రికుల పట్టణాలకూ వచ్చింది. కనుక దీని స్వరూపమేమిటో, షరీఅత్ దృష్టిలో దీని స్థానమేమిటో తెలుసుకోవడం అవసరం.

ఆధునిక రూపంలో ఇది ఆల్ప్స్ పర్వత ప్రాంతంలో ఆరంభమయింది. 1963లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన హాపిమాగ్ సంస్థ తన వాటాలు కొన్నవారికి విడిది గృహాలలో బసచేసే హక్కు ఇచ్చింది. ఆ దశకంలోనే ఫ్రాన్స్‌లోని సూపర్ దెవొలుయి అనే మంచుకొండల విడిదిలో నివాసాలను వారాల చొప్పున అమ్మారు. మంచు మీద విహారానికి అనువైన కాలం కొద్దినెలలే. దానికోసం ఇల్లంతా కొనే స్తోమత అందరికీ ఉండదు. కొన్నా, తక్కిన కాలమంతా అది తాళం వేసి ఉండవలసిందే.

ఫిఖహ్‌కు ఇది కొత్త విషయం కాదు. ఉమ్మడి ఆస్తిని పంచుకోకుండా, దాని ప్రయోజనాన్ని వంతులవారీగా పొందడాన్ని ఫుఖహా ‘ముహాయఆ’ అన్నారు. హజ్రత్ సాలిహ్ (అలైహిస్సలాం) ఒంటెకు ఒక దినం, జాతివారికి ఒక దినం నీటి వంతు నిర్ణయమైనట్లు ఖుర్ఆన్‌లోని షుఅరా సూరా తెలుపుతుంది. దీనిని వారు ఆధారంగా చూపారు. 1869-76 మధ్య ఉస్మానీ రాజ్యంలో హనఫీ ఫిఖహ్ ననుసరించి క్రోడీకరించిన ‘మజల్లా’లో కూడా ఈ అధ్యాయం కలదు. ఇద్దరి ఉమ్మడి ఇంట్లో ఒకరి తరువాత ఒకరు నిర్ణీత కాలం నివసించడం అందులోని ఉదాహరణలలో ఒకటి.

అయితే కొనేవానికి లభించేదేమిటి? ఇంటిలో వాటాయా, లేక నివసించే హక్కు మాత్రమేనా? అసలు ప్రశ్న ఇదే. మొదటిది ‘ఐన్’, అనగా వస్తువు. రెండవది ‘మనఫఅత్’, అనగా దాని ప్రయోజనం. ఫ్రాన్స్‌లో 1986 నాటి చట్టం ప్రకారం కొన్నవాడు కంపెనీ వాటాదారుడే. భవనానికి సహయజమాని కాడు. మక్కాలోని అబ్రాజుల్ బైత్ సముదాయం వక్ఫ్ ఆస్తి. వక్ఫ్‌ను అమ్మరాదు. అందుచేత అక్కడి జమ్‌జమ్ టవర్‌లో 24 సంవత్సరాల నివాస ప్రయోజనాన్నే వాటాలుగా విక్రయించారు. గడువు తీరాక హక్కుదారునికి మిగిలేదేమీ లేదు.

రెండు ప్రాంతాలకూ మరొక భేదమున్నది. ఆల్ప్స్‌లో ఫిబ్రవరి వారం కొన్నవానికి ఏటా చలికాలమే దొరుకుతుంది. మక్కాలో రద్దీ చాంద్రమానంతో నడుస్తుంది. రమజాను ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరిగి, దాదాపు 33 ఏళ్ళకు గాని అదే స్థానానికి రాదు. ఇంగ్లీషు తేదీతో వారం కొన్నవానికి 24 ఏళ్ళలో రమజాను ఒక్కసారైనా తగలకపోవచ్చు. కాబట్టి పత్రంలో హిజ్రీ మాసం, తేదీ స్పష్టంగా ఉండాలి. లేనిచో అది దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిషేధించిన ‘గరర్’కు, అనగా అనిశ్చిత వ్యాపారానికి, దారితీస్తుంది.

అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 2007లో మలేషియాలోని పుత్రజయ సమావేశంలో ఈ పద్ధతిని పరిశీలించి, షరతులతో సమ్మతించింది. వస్తువులో వాటా కొంటే క్రయవిక్రయ నియమాలు, ప్రయోజనం మాత్రమే కొంటే ఇజారా నియమాలు వర్తిస్తాయి. ఇజారాలో భవనపు మూల మరమ్మతు యజమాని బాధ్యత. ఉమ్మడి యాజమాన్యంలో ఆ ఖర్చు వాటాల మేరకు అందరిదీ. ఏటేటా పెరిగే నిర్వహణ రుసుము ఎవరు, ఎందుకు చెల్లించాలో ఈ భేదాన్నిబట్టి తేలుతుంది.

వారసత్వంలోనూ ఇంతే. ఇంటిలో వాటా నిస్సందేహంగా వారసులకు చెందుతుంది. ఇజారా మాత్రం ఒప్పందదారులలో ఒకరి మరణంతో రద్దవుతుందని హనఫీలు, కొనసాగుతుందని తక్కిన మూడు మజ్‌హబ్‌లవారు అన్నారు. తండ్రి జీవితకాలపు పొదుపుతో కొన్న వారాలు పిల్లలకు దక్కుతాయో లేదో ఆ పత్రంలోని ఒక్క వాక్యం మీద ఆధారపడుతుంది.

యూరపులో 2009 నాటి నిబంధన కొనుగోలుదారునికి మనసు మార్చుకొనేందుకు 14 రోజుల గడువిచ్చి, ఆలోగా పైకం తీసుకోరాదని శాసించింది. ఫిఖహ్‌లో ‘ఖియారుష్షర్త్’ ఉద్దేశం కూడా తొందరపాటు బేరం నుండి కాపాడటమే. పైకం చెల్లించేముందు కొనేవాడు మూడు సంగతులు వ్రాతపూర్వకంగా తేల్చుకోవాలి: కొంటున్నది వాటాయా, ప్రయోజనమా? వంతు ఏ పంచాంగం ప్రకారం? తన తరువాత అది ఎవరిది? సమాధానం దొరకని చోట సంతకం చేయకపోవడమే క్షేమం.