కనురెప్పల మీద తీట ఎక్కడిది?

టమోటా కోతకు పోయొచ్చిన మనిషి ముఖం కందిపోయి, మెడ మీద తోలు మందమై, కనురెప్పలు గోక్కుంటూ కూర్చుంటే మన మదనపల్లె, పుంగనూరు పక్క పల్లెల్లో వెంటనే వచ్చే మాట ఒకటే: "వేడి చేసింది, మజ్జిగ తాగు". మజ్జిగ మంచిదే నాయనా, తాగు. కానీ చాలాసార్లు ఆ తీటకు కారణం వేడి కాదు. గట్టు మీద తెల్లటి చిన్న పూలతో నిలబడి ఉంటుందే, వయ్యారిభామ, అదీ కారణం. కాంగ్రెస్ గడ్డి అన్నా అదే.

అది మన నేలలో పుట్టింది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1955లో పుణెలో కనబడిందని శాస్త్రజ్ఞులు రాశాక, చూస్తుండగానే దేశమంతా పాకింది. దాని ఆకుల మీది సన్నని నూగులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. మొక్క ఎండితే ఆ నూగు పొడి గాలిలో లేస్తుంది. అందుకే దాన్ని చేత్తో ముట్టుకోని వాళ్లకూ తీట వస్తుంది.

మొదటిసారి తగలగానే ఏమీ కాదు. ఏళ్ల తరబడి కాకపోవచ్చు కూడా. మన రక్తంలో టి-కణాలని ఉన్నాయి. అవి ఏదో ఒకనాడు ఆ పదార్థాన్ని శత్రువుగా రాసుకుంటాయి. సావుకారు చిట్టాలో ఎక్కిన బాకీలాగా అది అంత తేలిగ్గా చెరగదు. ఆపైన ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజుల్లో చర్మం ఎర్రబడి, పొక్కి, రసి కారుతుంది. ఈ ఆలస్యమే మనల్ని దారి తప్పిస్తుంది. మొన్న కలుపు తీసిన సంగతి మరచిపోయి, నిన్న తిన్న వంకాయ మీద నేరం మోపుతాం.

అందుకే, ఏం తిన్నావని అడిగే ముందు ఎక్కడ వచ్చిందో చూడాలి. ఎండ పడని వాళ్లకు నుదురు, చెంపలు, ముక్కు కందుతాయి; పైరెప్పలు, గడ్డం కింది నీడ, చెవుల వెనక సామాన్యంగా బాగుంటాయి. గాలిలో వచ్చే వయ్యారిభామ పొడికి ఎండా నీడా తేడా లేదు. రెప్పల మీద, చెవుల వెనక, మెడ మడతల్లో, మోచేతి ముడతల్లో కూర్చుంటుంది. చర్మ వైద్యులు మొదట చూసే గుర్తుల్లో ఇదొకటి.

మిగతావీ ఇట్లాగే పట్టుబడతాయి. గిల్టు కమ్మలు పెట్టుకున్న చోట చెవి తమ్మె రసి కారితే నికెల్. జుట్టుకు రంగేసిన రెండు రోజులకు నెత్తి, చెవులు వాచితే ఆ రంగులోని పీపీడీ. బొట్టుబిళ్ల పెట్టే చోట తీట పుట్టినా, తెల్లమచ్చ పడినా బిళ్ల వెనక జిగురు. మందు కొట్టే మనిషికి మణికట్ల మీద వస్తే టమోటాకు కొట్టే మాంకోజెబ్ లాంటి తెగులు మందును అనుమానించాలి. వేళ్ల సందుల్లో, రాత్రిళ్లు, ఇంటిల్లిపాదికీ తీట ఉంటే అది అలర్జీ కాదు, గజ్జి. దాని మందు వేరు.

దద్దుర్లు ఇంకో జాతి. ఉబ్బి, ఒక్కో దద్దు ఒక రోజులోపే మాయమై మరో చోట లేస్తుంది. అది హిస్టమిన్ పని, దానికి సెట్రిజిన్ మాత్ర బాగా పనిచేస్తుంది. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రతో కాలం గడపొద్దు. 108కి ఫోన్ చెయ్యాలి.

పొలం నుంచి రాగానే సబ్బుతో స్నానం, విడిచిన బట్టలు వెంటనే ఉతకడం, ఎండిన తోలుకు కొబ్బరినూనె లేదా వాజలీన్. ఇంటి వైద్యం ఇంతవరకే. వేపాకు నూరి రసి కారే చోట పట్టించొద్దు.

నాకు నిజంగా బాధ కలిగించేది మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్రీము. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, రెండు రోజుల్లో తీట అణగుతుంది, దాంతో నెలలు పూస్తారు. ముఖం తోలు పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి. అది తామర అయితే లోలోపల ఒళ్లంతా పాకుతుంది. స్టెరాయిడ్ చెడ్డదని కాదు. ఎంత బలమైనది, ఎక్కడ, ఎన్నాళ్లు అన్నది డాక్టరు చెప్పాలి. తగిలితే వచ్చే అలర్జీని రక్తపరీక్ష పట్టలేదు. వీపుకు చిన్న పట్టీలంటించి, రెండు రోజులకు తీసి చూసి, మళ్లీ ఇంకో రెండు రోజులకు చూసే ప్యాచ్ పరీక్షే దారి. కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది, అక్కడ చర్మ వైద్యుల్ని కలవొచ్చు.

ఇక ఆ గడ్డి సంగతి. 1984లో బెంగళూరు ప్రాంతంలో మెక్సికో పెంకుపురుగును దాని మీదికి వదిలారు. వానకాలంలో ఆకులు బాగానే తింటుంది కానీ, ఒక్కో మొక్క వేల గింజలు రాల్చే చోట పురుగు ఒక్కటే చాలదు. తొలకరి పడ్డాక, పూత రాకముందే, తడి నేలలో వేళ్లతో సహా పీకండి. చేతులకు తొడుగు, ముఖానికి గుడ్డ ఉండాలి. ఒకసారి ఆ తీట పడ్డవాళ్లను మాత్రం ఆ పనికి పంపొద్దు.