పన్నెండు బోరుకు ఆ పన్నెండు ఎక్కడిది?

కృష్ణపట్నం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో పట్టుబడి రోజున గట్టు మీద నిలబడితే మొదట వినపడే మాట "కౌంటెంత?" అని. ముప్పై కౌంటంటే కిలోకు ముప్పై రొయ్యలు తూగుతాయి. వంద కౌంటంటే కిలోకు వంద. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధరా పెద్దది. ఈ సంగతి అక్కడ బడికెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. తుపాకి కొలతలు అర్థం కావడానికి ఇంతకు మించిన తెలివి అక్కర్లేదు.

పన్నెండు బోరు అంటే ఏమిటి?

అదీ కౌంటే. ఒక పౌండు సీసాన్ని కరిగించి పన్నెండు సమానమైన గుండ్లుగా పోత పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం ఉన్నది పన్నెండు బోరు తుపాకి. పౌండును ఇరవై గుండ్లు చేస్తే ఇరవై బోరు. ఇరవై కన్నా పన్నెండు గొట్టం ఎందుకు లావుగా ఉంటుందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

నమ్మకం కుదరకపోతే లెక్క వేసి చూడండి. పౌండు 453.6 గ్రాములు. పన్నెండో వంతు 37.8 గ్రాములు. సీసం ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు తూగుతుంది కాబట్టి ఆ గుండు 3.33 ఘన సెంటీమీటర్లు. అంత గోళానికి అడ్డకొలత పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు వస్తుంది. పన్నెండు బోరు గొట్టం లోపలి కొలత నేటికీ అంతే. ఇరవై బోరుది 15.6 మిల్లీమీటర్లు. ఈ వరసలో చేరనిది 410. అది కౌంటు కాదు, అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 410 భాగాల వెడల్పు.

నేరుగా అంగుళాల్లోనే చెప్పొచ్చు కదా అని అడగొచ్చు. ఈ పద్ధతి పుట్టిన కాలంలో గొట్టం లోపలి వెడల్పును వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచే పనిముట్టు మామూలు కమ్మరి కొట్లో ఉండేది కాదు. త్రాసు, సీసం, మూస ఉండేవి. చేతిలో ఉన్నవాటితోనే కొలత కట్టారు. నాకు ఇది మొరటు పద్ధతిలా కాక, పనివాడి సూక్ష్మబుద్ధిలా కనిపిస్తుంది.

మరి తూటాల లెక్కల్లో వినపడే గ్రెయిను, డ్రాము?

గ్రెయిను అంటే ధాన్యపు గింజే. పౌండులో 7,000 గ్రెయిన్లు. మన కంసాలి గురివింద గింజ పెట్టి బంగారం తూచినట్టే, వాళ్ళు గోధుమ, బార్లీ గింజలతో మొదలుపెట్టారు. ఈ రెండు లోకాలూ మన దగ్గర ఒకచోట కలిశాయి కూడా. 1835 నాటి కంపెనీ రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా ఒక తులం. పెద్దవాళ్ళు "రూపాయెత్తు" అనేది ఆ బరువునే. డ్రాము పుట్టుక కూడా అలాంటిదే. గ్రీకుల నాణెం ద్రాఖ్మా నుంచి వచ్చిన పేరది. ఔన్సులో పదహారో వంతు, సుమారు 27 గ్రెయిన్లు.

తూటాల్లో పోసే పాత తుపాకిమందును, అంటే నల్లమందును, ఈ డ్రాముల్లోనే చెప్పేవారు. నల్లమందు మన తీరానికి కొత్తదేమీ కాదు. కృష్ణపట్నం వెనకగా పోయే బకింగ్‌హాం కాలువ పట్టుకుని దక్షిణంగా వెళ్తే పులికాట్ వస్తుంది. డచ్చివాళ్ళు 1613లో అక్కడ కట్టిన గెల్డ్రియా కోట దగ్గర ఆ శతాబ్దంలో తుపాకిమందు తయారయ్యేది.

డ్రాము అన్న పేరు బరువుదే అయినా, తూటా నింపేవాడు ప్రతిసారీ మందును తూచేవాడు కాదు, కొలిచేవాడు. చేతిలో ఒక చిన్న ఇత్తడి గొట్టం, దానికి కర్ర పిడి, లోపల జరిపే అడుగు. ఆ అడుగును కావలసిన డ్రాము గీత దగ్గరికి జరిపి, మందులో ముంచి, అట్టముక్కతో అంచు వెంట చదును చేస్తే కొలత అయిపోయినట్టే. మన మానికతో బియ్యం కొలవడం ఇలాగే ఉండేది. అందులో ఉన్న చిక్కులూ ఇందులో ఉన్నాయి. గోపురంలా పోస్తే ఒక లెక్క, చేత్తో చదును చేస్తే ఇంకో లెక్క, మానికను నేలకు రెండుసార్లు తడితే మరో గుప్పెడు పడుతుంది. అందుకే కొలిచేవాడి చెయ్యి ఎప్పుడూ ఒకేలా ఆడాలి.

తూచకుండా కొలిస్తే సరిపోయేదా?

నల్లమందుకు సరిపోయేది. ఎవరు చేసినా దాని సాంద్రతలో పెద్ద తేడా ఉండదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పొగరాని మందు వచ్చాక అసలు చిక్కు మొదలైంది. ఈ కొత్త మందులు ఒక్కొక్కటి ఒక్కో సాంద్రత, ఒక్కో బలం. మానికెడు ఉప్పు, మానికెడు తవుడు ఒకే బరువు తూగవు కదా! పైగా నల్లమందు చేసే పనికి కొత్త మందు అందులో చిన్న పాలు చాలు.

వేటగాళ్ళకేమో డ్రాములే అలవాటు. అందుకని కంపెనీలు పెట్టె మీద "మూడుంబావు డ్రాములకు సమానం" అని వేయడం మొదలుపెట్టాయి. అన్ని డ్రాముల నల్లమందు ఎంత వేగంతో గుళ్ళను తోస్తుందో, ఈ తూటా కూడా అంతే వేగంతో తోస్తుందని దాని అర్థం. లోపల ఉన్న మందు బరువు అది కానే కాదు. అది బరువనుకుని పొగరాని మందును డ్రాముల లెక్కన పోస్తే గొట్టం పగిలిపోతుంది, పట్టుకున్న చెయ్యి పోతుంది.

పాత్ర పోయినా పేరు మిగలడం నెల్లూరు రైతుకు బాగా తెలిసిన సంగతే. ఒకప్పుడు పుట్టి అంటే ఇరవై తూములు, కొలిచి పోసే ధాన్యం. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి కిలోలు చట్టబద్ధమయ్యాయి, తూములు అటకెక్కాయి. పుట్టి మాత్రం పోలేదు. ఈనాటికీ నెల్లూరు జిల్లాలో ధాన్యం ధర పుట్టికింత అనే చెబుతారు. పుట్టి అంటే 850 కిలోలు. ఇప్పుడు దాన్ని కాటా మీద తూస్తారు, తూముతో కొలిచేవారు లేరు. డ్రాము సంగతీ అంతే. తేడా ఒక్కటే, పుట్టి లెక్క తప్పితే డబ్బు పోతుంది, డ్రాము లెక్క తప్పితే ప్రాణం పోతుంది.

ఇప్పుడు ఈ లెక్కలతో పనేముంది?

వేటకైతే పనే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపింది. పులికాట్‌లో, నేలపట్టులో పక్షులు ఇంకా దిగుతున్నాయంటే ఆ చట్టానికీ అందులో పాలుంది. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అయినా పాత ఇళ్ళ అటకల మీద తాతల నాటి తూటాల పెట్టె అప్పుడప్పుడూ బయటపడుతూనే ఉంటుంది. అలాంటిది మీకు కనిపిస్తే మీద రాసిన డ్రాములు చదవండి, ఇప్పుడు వాటి అర్థం తెలుసు కాబట్టి. తూటాలను మాత్రం విప్పకండి, ఎండలో పెట్టకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. పెట్టెను కదపకుండా దగ్గరి పోలీసు స్టేషనుకు కబురు చేయండి.