రంది దిగే మర్రినీడ

2018 వేసవిలో పాలమూరులోని పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టుకు సెలైన్ ఎక్కించారు. ఆస్పత్రిలో మనిషికి పెట్టినట్టే కొమ్మలకు సీసాలు వేలాడదీసి, సూదులు గుచ్చి, చుక్కచుక్కగా మందు దించారు. అంతకుముందు, 2017 డిసెంబరులో, పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు లోపల్లోపలే తొలిచేసిన సంగతి అప్పుడు గానీ అందరి కళ్లబడలేదు. సందర్శకులను ఆపేశారు. మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. అప్పుడు అటవీ సిబ్బందికి తోచిన ఉపాయం సెలైన్ సీసా. పలుచన చేసిన క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు నింపిన వందల సీసాలను రెండేసి మీటర్లకు ఒకటి చొప్పున కట్టారు.

ఆ ఫొటోలు చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. దాదాపు ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే చెట్టు, మూడెకరాల మేర పరుచుకున్న చెట్టు, లోపల గుల్లవుతూ కూడా పైకి పచ్చగానే కనిపించింది. మనుషులమూ అంతే కదా.

పాలమూరులో, నల్లగొండలో ఇళ్లలో ఆందోళన అనే మాట తక్కువ. రంది అంటారు. ‘ఏం రంది పెట్టుకున్నవ్ బిడ్డా?’ అని పెద్దమ్మలు అడుగుతారు. తగ్గితే ‘పానం నిమ్మళమైంది’ అంటారు. మనసు అనరు, పానం అంటారు. ఒంటినీ మనసునూ విడదీయని మాట అది. గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో దేవినట్టు ఉండటం, ఇవన్నీ రందిలో భాగమేనని ఆ మాటకు ముందే తెలుసు.

అమ్మకు బాగాలేని రోజుల్లో నాకూ అదే పట్టుకుంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. రేపేమవుతుందోనన్న ఆలోచన తెల్లారేదాకా వదిలేది కాదు. ఒక ఉదయం ఊరికే పిల్లలమర్రి వైపు వెళ్లాను. పట్నానికి నాలుగు కిలోమీటర్లే. నిలబడి ఒకే ఒక్క ఊడను చూస్తూ ఉండిపోయాను. పైన ముదురు గోధుమరంగు, కిందికి వచ్చేకొద్దీ సన్నం, కొస మాత్రం లేత పసుపు, అప్పుడే మొలకెత్తిన గింజలాగ. దాని మీదుగా చీమలు పైకి పోతున్నాయి. పైన ఎర్రటి మర్రిపండ్ల కోసం గోరింకలు కొట్లాడుకుంటున్నాయి. ఎంతసేపయిందో తెలియదు. ఊపిరి నిదానించిందని మాత్రం తెలిసింది. రేపటి సంగతి రేపటిలాగే ఉంది, నేను మాత్రం ఆ పూటలోకి వచ్చిపడ్డాను.

ఇది నా ఒక్కరి అనుభవం కాదు. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో, పిత్తాశయ ఆపరేషన్ చేయించుకున్నవారిని పోల్చి చూశాడు. కిటికీలోంచి ఇటుక గోడ కనిపించినవారి కంటే చెట్లు కనిపించినవారు త్వరగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. ఇంగ్లండులో సుమారు 20 వేల మందిని అడిగి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చదనంలో గడిపినవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలూ ఒక్కసారే కానక్కర్లేదు.

నల్లగొండవారైతే పానగల్లు పోవచ్చు. ఉదయసముద్రం చెరువు కట్ట మీద సాయంత్రం గాలి చాలు. పక్కనే ఛాయా సోమేశ్వరాలయంలో, లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. ఆ నీడ ముందు పది నిమిషాలు కూర్చుని చూడండి.

అయితే తీరిక అందరికీ ఒక్కలా లేదు. ముంబై, పుణేలకు వలసపోయిన పాలమూరు కూలీ రంది అప్పుది, ఎండిన బోరుది. మర్రినీడ అప్పు తీర్చదు. చెట్టును చూడమని వారికి చెప్పి చేతులు దులుపుకోవడం అన్యాయం. వానలు కురవాలి, పని దొరకాలి, మాట వినే మనిషి ఉండాలి.

నిద్ర పట్టక, తిండి సయించక వారాలు గడుస్తుంటే, బతుకు మీదే విరక్తి కలుగుతుంటే, చెట్టుతో ఆగవద్దు. డాక్టరును కలవండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మర్రికి కూడా గాలీ వానా చాలలేదు, మందు పెట్టాల్సి వచ్చింది. కొమ్మలకు ఆసరాగా దిమ్మెలు కట్టారు, లేత ఊడలు నేలకు చేరేలా గొట్టాల్లోంచి దించారు.

ఊడ నేలను తాకి మానుగా ముదరడానికి ఏళ్లు పడుతుంది. పిల్లలమర్రికి వెళితే ఊడలు పట్టుకుని ఊగకండి, మాను మీద పేర్లు చెక్కకండి.