మీకు తెలుసా? ఒకే బ్రష్, నాలుగు రకాల రంగు

ఉచితంగా దొరికే డిజిటల్ పెయింటింగ్ సాఫ్ట్‌వేర్ క్రిటాలో ఒకే ఆకు బొమ్మతో చేసుకున్న బ్రష్ నాలుగు రకాలుగా రంగు వేయగలదు. ఆల్ఫా మాస్క్ అనే మోడ్ పెడితే బొమ్మలో నలుపున్న చోట మీరు ఎంచుకున్న రంగు నిండుగా పడుతుంది, తెలుపున్న చోట అసలు పడదు. కలర్ ఇమేజ్ మోడ్ పెడితే ఆకుకున్న సొంత రంగులే అచ్చుపడతాయి.

అసలు అందమంతా మూడోదైన లైట్‌నెస్ మ్యాప్‌లో ఉంది. బొమ్మలోని నడిమి బూడిద మీరు ఎంచుకున్న రంగవుతుంది. అంతకంటే ముదురు భాగాలు నలుపు వైపు, లేత భాగాలు తెలుపు వైపు జరుగుతాయి. తగిన బ్రష్‌తో ఎరుపు తీసుకుని ఒక్క గీత గీయండి: కుంచె వెంట్రుకల చాళ్లు, వాటి గట్లమీద మెరుపు, పక్కనే సన్నటి నీడ. ఆయిల్ పెయింట్ మందంగా పూసినట్టే ఉంటుంది! ఈ లైట్‌నెస్ మ్యాప్ సదుపాయం 2020లో వచ్చింది. నాలుగోదైన గ్రేడియంట్ మ్యాప్ బొమ్మలోని వెలుగునీడలను గ్రేడియంట్ (ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయే రంగుల వరుస) రంగులుగా మారుస్తుంది.

ఫొటోషాప్‌లో మాత్రం రంగుల బొమ్మతో బ్రష్ చేసినా అందులో మిగిలేది బూడిద ఛాయలే.

సొంతంగా లైట్‌నెస్ బ్రష్ చేసుకోవాలంటే బొమ్మ ఛాయలను నడిమి బూడిదకు అటూఇటూ ఉంచండి, అంచుల బయట తెలుపు పూయకుండా పారదర్శకంగా వదిలేయండి.