సంకర పట్టుగ్రుడ్లు: రెండవ తరమున గుణము లేల చెదరును?

హిందూపురపు పట్టుగూళ్ల సంతలో ఒక్కొక్క కుప్ప కొక్కొక ధర పలుకుట మన సభ్యు లెరిగినదే. గూళ్లన్నియు సమముగా నున్న కుప్పకు మంచి ధర. పెద్దవి, చిన్నవి, మెత్తనివి కలిసియున్న దానికి తక్కువ ధర. ధర్మవరపు మగ్గమున పడుగునకు తెగని, సమమైన దారము కావలెను గదా! సమమైన దారము సమమైన గూటినుండియే వచ్చును.

పంట చక్కగా పండినప్పుడు, "ఈ గూళ్లలోనే కొన్నిటిని నిలిపి ఇంటనే గ్రుడ్లు పెట్టించినచో గ్రుడ్ల వెల మిగులదా?" యని రైతునకు తోచుట సహజము. వేరుసెనగలో మనము దాచిన కాయలే మరుసటి యేటికి విత్తనములు. ఆ పూవు చాలవరకు తనలోతానే ఫలించును గనుక గుణము చెదరదు. సంకర పట్టుపురుగు సంగతి వేరు. ఎట్లో విచారింతము.

ప్రతి ప్రాణి శరీరమునను అతిసూక్ష్మమైన కణము లున్నవి. కణము లోపల క్రోమోసోములను పోగులు జతలు జతలుగా నుండును. పట్టుపురుగునకు 28 జతలు. ప్రతి జతలో నొకటి తల్లినుండియు, ఒకటి తండ్రినుండియు వచ్చినవి. ఈ పోగులలో డి. ఎన్. ఏ. యను పదార్థము కలదు. అది నాలుగే అక్షరములతో వ్రాసిన దస్తావేజు వంటిది. పట్టుపురుగున కొక్కొక పేటలో సుమారు 45 కోట్ల అక్షరములు గలవు. దస్తావేజులో నొక్కొక పనికి సంబంధించిన భాగమే జన్యువు. పురుగు పట్టుగ్రంథిలో ఆ వ్రాత ననుసరించియే పట్టుదారపు మాంసకృత్తు తయారగును.

గుణములు తరతరమునకు దిగు లెక్కను మెండెలను మతగురువు బఠాణీ మొక్కలపై పరిశోధించి 1866లో ప్రకటించెను. జపానువాడగు తొయామా కమెతారో 1906లో అదే లెక్క పట్టుపురుగునకును చెల్లునని చూపెను. పసుపుగూటి జాతిని తెల్లగూటి జాతితో కలుపగా మొదటితరమున గూళ్లన్నియు పసుపే. ఆ పిల్లలను తమలో తాము కలుపగా రెండవతరమున ప్రతి నాలుగింట సుమారు మూడు పసుపు, ఒకటి తెలుపు వచ్చెను. తెలుపు నశింపలేదు, మొదటితరమున దాగియుండెను. ప్రతి పిల్లయందును పసుపు వ్రాత యొకటి, తెలుపు వ్రాత యొకటి యుండుటయే కారణము.

మనము పెంచు సంకరము నిట్టిదే. మైసూరు జాతి వేడిమికి, రోగములకు ఓర్చును గాని దారము పొట్టి. బైవోల్టిన్ జాతి దారము సుమారు వేయి మీటర్లు సాగును గాని పురుగు సుకుమారి. రెంటిని కలిపిన మొదటితరమున పురుగు లన్నియు ఇంచుమించు ఏకరీతిగా నుండి బలముగా పెరుగును. వానినే తిరిగి తమలో తాము కలుపనిచ్చినచో దాగిన వ్రాత లన్నియు బయటపడి, పేకముక్కలవలె చెదరిపోవును. ఓర్పు, దారపు నిడివి, గూటి బరువు - వీనిలో నొక్కొకటి పెక్కు జన్యువులపై నాధారపడినది. కావున కొన్ని పురుగులు ముందు నిద్రపోవును, కొన్ని వెనుక. ఒక తట్టలోనే కొన్నింటికి మేత చాలదు, కొన్నింటికి మిగులును. తుదకు సంతలో కలగలుపు కుప్పయే మిగులును.

మైసూరు జాతి వేడిమి నోర్చుట "అలవాటు"వలన వచ్చినదని కొంద రందురు. అది సరికాదు. ఎండ పురుగునకు విద్య నేర్పదు. తరతరమునను ఓర్వలేనివి చచ్చి, ఓర్చినవే గ్రుడ్లు పెట్టగా, ఓర్పు వ్రాతయే జాతియందు నిలిచెను. దీనినే ప్రకృతివరణ మందురు. మనుష్యుని యెంపికయు నట్టిదే. వేలయేండ్ల క్రిందట చీనాదేశమున అడవి పురుగును మచ్చిక చేసి, మంచిగూళ్ల నేరుచు రాగా, నేటి పెంపుడు సీతాకోక ఎగురుటయే మానినది. 2009లో చీనా శాస్త్రజ్ఞులు 29 పెంపుడు రకములను, 11 అడవి పురుగులను పోల్చి, మూడువందలకు పైగా జన్యువులలో ఈ యెంపిక జాడలు గలవని కనుగొనిరి.

ఇంట గ్రుడ్లు పెట్టించుటలో వేరొక కీడును కలదు. పెబ్రిన్ రోగము జన్యువులనుండి కాక, రోగపు తల్లినుండి గ్రుడ్డులోనికి దిగును. తల్లిపురుగును సూక్ష్మదర్శినిలో పరీక్షించి రోగపు గ్రుడ్లను పారవేయుట విత్తనకేంద్రమునకే సాధ్యము. శుద్ధమైన రెండు జాతులను వేరువేరుగా కాపాడి, ఆడుమగల నేర్పరచి, ప్రతి పంటకు క్రొత్తగా కలుపుటయు అచ్చటి పనియే. హిందూపురము చెంత కిరికెరలోని పట్టు పరిశోధనసంస్థ వంటివి మేలుజాతులకై కృషి చేయుట కిదియే ప్రయోజనము.

కావున సభ్యులు ప్రతి పంటకు పరీక్షించిన గ్రుడ్లనే కొనవలెను. ఇరుగుపొరుగువారు కలిసి ఒకేమారు తెప్పించుకొన్నచో ప్రయాణపు ఖర్చు తగ్గును. గ్రుడ్లకు వెచ్చించు వెల నష్టము కాదు. అది రెండు జాతుల మేలుగుణములను ఒక్కతరమున నేకముగా పొందుటకు మన మిచ్చు మూల్యము.