వేషమూ – స్వభావమూ: కథాక్రీడలలో మానవేతర జాతులు

మొహర్రం దినాలలో పులివేషం కట్టడం ఆంధ్రదేశంలోని అనేక గ్రామాలలో చిరకాలంగా వస్తున్న ఆచారం. ఒంటినిండా పసుపు, నలుపు చారలు పూయించుకొని, తోక కట్టుకొని, డప్పుల దరువుకు అడుగులు వేసే యువకుణ్ణి చూచి పిల్లలు నిజంగానే జడిసి వెనుకకు తగ్గుతారు. అతడు తమ వీధివాడేనని వారికి తెలుసు. అయినా ఆ ఘడియలో అతడు మనిషి కాడు. మనిషి కొంతసేపు మనిషి కాకుండా ఉండగోరడంలో ఏదో గూఢమైన అవసరం ఉన్నది. ఉదయగిరిలోనైనా, ఆత్మకూరులోనైనా, సముద్రాలకు ఆవల అమెరికాలోనైనా ఆ అవసరం ఒక్కటే. దాని నుండి పుట్టిన ఒక నవీన క్రీడను గురించి, అందులో నేటికీ తెగని ఒక వివాదాన్ని గురించి విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్రీడా స్వరూపం

అష్టాచెమ్మాలోనూ, వైకుంఠపాళిలోనూ కాయకు పేరు లేదు, గుణం లేదు. గవ్వలో, పాచికో ఎంత చెబితే అంత నడుస్తుంది. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇరువురి కృషితో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట ఆ కాయకు ప్రాణం పోసింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథానిర్వాహకులు. కోటలు, అడవులు, శత్రువులు వారి మాటలలోనే రూపొందుతాయి. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయునో చెబుతారు. ఆ పని నెరవేరునా లేదా అన్న సందేహం కలిగితే పాచికలు తీర్పు చెబుతాయి.

పాత్ర ఏ జాతికి చెందినదో ఆటగాడు ముందుగా నిర్ణయించుకోవాలి. మానవులతో పాటు, దీర్ఘాయువులైన ఎల్ఫులు, కొండలు తొలిచే పొట్టివారైన డ్వార్ఫులు మొదలైన జాతులను మొదటి పుస్తకంలోనే ఇచ్చారు. అంతే కాదు. ఆటగాడు కోరితే దాదాపు ఏ ప్రాణిగానైనా ఆడవచ్చుననీ, అయితే బలహీన దశలో మొదలుపెట్టి క్రమంగా ఎదగాలనీ అందులో ఉన్నది. డ్రాగన్ కాగోరినవాడు పిల్ల డ్రాగన్‌గా ఆరంభించాలన్నమాట. ఇంత ఉదారంగా ఆరంభించిన గైగాక్స్ మహాశయుడే 1979 నాటి గ్రంథంలో రాక్షస పాత్రలను ప్రోత్సహించరాదని వాదించాడు. వివాదం అప్పటినుండీ సాగుతూనే ఉన్నది.

రెండు పక్షాలు

మొదటి పక్షంవారి వాదన ఇది: ఆటగాడు మనిషి, అతనికి తెలిసినది మానవ హృదయమే. బల్లిముఖం తగిలించుకున్నంత మాత్రాన అతని ఆలోచన మారదు. పైగా ఒక్కొక్కరు ఒక్కొక్క వింత ప్రాణిగా వస్తే కథ కథగా మిగలక సర్కస్ డేరా అవుతుంది. రెండవ పక్షంవారు ఇలా అంటారు: కల్పనా లోకంలో కూడా మనిషిగానే ఉండవలెనంటే కల్పన ఎందుకు? పరుల దేహంలో, పరుల దృష్టితో కొంతసేపు జీవించడమే కదా ఈ క్రీడ వలన కలిగే లాభం?

ఈ ప్రశ్నకు మన కథకులు ఏనాడో సమాధానం చెప్పినట్లు నాకు తోస్తుంది. ఘటోత్కచుడు రాక్షసుడు. రాత్రివేళ బలం ఇనుమడించడం, మాయలు పన్నడం అతని జాతి లక్షణాలు. కాని తండ్రి పక్షాన పోరాడి కర్ణుని శక్తి ఆయుధానికి ప్రాణమొడ్డిన ఆ వీరుణ్ణి మనం తలచుకొనేది కోరల కోసం కాదు. ఉర్దూ సాహిత్యంలో దాస్తానె అమీర్ హమ్జా ఉన్నది. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం దానిని 46 సంపుటాలుగా ప్రకటించింది. అందులో హమ్జా కాఫ్ పర్వత లోకానికి వెళ్ళి, పరీల రాకుమారి ఆస్మాన్ పరీని పెండ్లాడతాడు. ఆమెకు ప్రేమ ఉన్నది, అసూయ ఉన్నది, పట్టుదల ఉన్నది. రెక్కలు మాత్రమే ఉన్న బొమ్మ కాదు.

విదేశీ క్రీడలలో ఇందుకు సాటిరాగల ఉదాహరణ ‘రూన్‌క్వెస్ట్’. 1978లో వెలువడిన ఈ ఆటలో బాతులు ఒక జాతి. మనిషివలె నడిచి, కత్తి పట్టే బాతు అనగానే ఎవరికైనా నవ్వు వస్తుంది. కాని ఆ లోకపు చరిత్రలో ఒక తిరుగుబాటు విఫలమైనప్పుడు నింద ఆ చిన్న జాతి మీద పడుతుంది. బాతులను వేటాడిన వారికి పాలకులు బహుమానం ప్రకటిస్తారు. ఈ సంగతి తెలిసిన పిమ్మట ఆ పాత్రను ధరించేవాడు మునుపటివలె నవ్వలేడు. అల్పసంఖ్యాకుల మీద నింద మోపడం ఎంత సులభమో ఒక బాతు అతనికి బోధిస్తుంది.

ఉదయగిరి దుర్గంలో ఒక రాత్రి

మన ప్రాంతానికే అన్వయించి చూద్దాం. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న ఉదయగిరి దుర్గమే కథాస్థలం అనుకొందాం. ముట్టడిలో ఉన్న కోటలోనికి ఒక లేఖ చేరవేయాలి. ముగ్గురు విద్యార్థులు పాత్రధారులు. ఒకడు ఆత్మకూరు నుండి వచ్చిన మనిషి, ఒకడు జాంబవంతుని వంశపు భల్లూకం, మరొకడు జిన్ను. భల్లూకం నిటారు కొండను ఎక్కగలదు, కావలివాని వాసన దూరం నుండే పసిగట్టగలదు. కాని లేఖ చదవలేదు. దానిని చూచిన కావలివారు మాట వినకముందే బాణం వేస్తారు. జిన్ను కంటికి కనబడకుండా పోగలదు. కాని ఇచ్చిన మాట తప్పలేదని నిర్వాహకుడు నియమం పెట్టాడు. కనుక శత్రువు చేతచిక్కి మాట ఇచ్చిందా, కథ అడ్డం తిరుగుతుంది. మనిషికి ఏ వింత శక్తీ లేదు. అయితే తలుపు తట్టి మాట్లాడగలవాడు అతడొక్కడే.

ముగ్గురిలో ఏ ఒక్కరు లేకున్నా లేఖ చేరదు. జాతి అనగా ఏమి చేయగలదో తెలిపే జాబితా మాత్రమే కాదు. ఏమి చేయలేదో, లోకం దానిని ఎట్లా చూస్తుందో కూడా చెప్పినప్పుడే వేషం స్వభావం అవుతుంది.

పుట్టుకయే గుణమా?

ఇక అసలు చిక్కు. 1978 నాటి నియమాల ప్రకారం ఆర్క్ అనే జాతి రక్తం సగం కలిగిన పాత్రకు బలం ఒక అంకె పెరుగుతుంది. ఎదుటివారిని ఆకట్టుకొనే గుణం రెండంకెలు తరుగుతుంది. పూర్తి ఆర్కులు దుష్టులని గ్రంథమే నిర్ణయించింది. బిడ్డ పుట్టకముందే తీర్పు వెలువడినదన్నమాట! ఈ పద్ధతి క్రమంగా విమర్శకు గురి అయింది. 2020లో ఆ అంకెలను ఆటగాడు తన ఇష్టానుసారం మార్చుకొనే వీలు కల్పించారు. 2024 నాటి నియమావళిలో ‘రేస్’ అనే పదాన్నే తొలగించి ‘స్పీషీస్’ అని మార్చారు. ఆర్కులకు తక్కిన జాతుల సరసన స్థానమిచ్చారు.

భేదాలన్నీ చెరిపివేస్తే జాతులెందుకని కొందరు ఆక్షేపిస్తున్నారు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. నా మట్టుకు దేహభేదం ఉండవచ్చు; రెక్క, తోక, రాత్రి చూపు ఉండవచ్చు. బుద్ధినీ, శీలాన్నీ పుట్టుకతో తూచడం మాత్రం తగదు. జిన్నులలో సజ్జనులూ ఉన్నారు, కానివారూ ఉన్నారు అని పవిత్ర ఖురాన్ 72వ అధ్యాయం చెబుతున్నది. విభీషణుడు రాక్షసుడే.

ఒక హెచ్చరిక

ఉర్దూ విద్యార్థులు తప్పక తెలుసుకోదగిన పేరొకటి ఉన్నది: ఆచార్య ఎం. ఏ. ఆర్. బార్కర్. ఈ అమెరికన్ భాషావేత్త ఇస్లాం స్వీకరించి, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా విషయాలు బోధించాడు. 1967లో వెలువడిన ‘ఎ కోర్స్ ఇన్ ఉర్దూ’ పాఠ్యగ్రంథ రచయితలలో ముఖ్యుడు. 1975లో ‘ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్’ అనే కథాక్రీడను ప్రకటించాడు. దాని లోకమైన టేకుమెల్‌లో కీటకాన్ని పోలిన పే చోయ్, సరీసృపాలను పోలిన షెన్ మొదలైన జాతులు మానవులతో కలిసి బ్రతుకుతాయి. స్సూ అనే జాతి మనుషులను ద్వేషిస్తుంది. కారణం పుట్టుక కాదు, మనుషులు వచ్చి వారి లోకాన్ని ఆక్రమించడం. ఇంత సూక్ష్మంగా పరజాతిని ఊహించిన ఈ పండితుడే 1991లో మారుపేరుతో నాజీ భావాలను సమర్థించే నవల వ్రాశాడని ఆయన మరణించిన పదేండ్లకు, 2022లో టేకుమెల్ సంస్థయే ధ్రువీకరించి విచారం వెలిబుచ్చింది.

ఈ విషయం నన్ను చాలాకాలం వేధించింది. ఆరు అవయవాల ప్రాణిని గౌరవించగలిగిన ఊహ పొరుగు మనిషి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆగిపోయింది? పరుల వేషం ధరించడం ఒక అభ్యాసం మాత్రమే. దాని ఫలితం బల్ల మీద పాచికలు ఆగిన తరువాతనే తేలుతుంది.

పులివేషం కట్టిన యువకుడు పండుగ ముగిశాక రంగు కడుగుకొని మనలో కలుస్తాడు. కడుగుకొన్న చర్మం కింద ఇంకొకరి గుండె చప్పుడు కొంతైనా నిలిచి ఉంటేనే ఆ వేషం సార్థకం. మన విద్యార్థులు ఏ కథను ఆడినా, ఏ జాతిని ధరించినా, ఈ ఒక్క మాట మరువకుందురు గాక!